షాపింగ్ మాల్ మన చేత ఏమేం చేయిస్తుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

మాల్‌కి వెళ్లొచ్చిన ప్రతిసారీ జనం అడిగే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే వాటిని ఒకచోట చేర్చి, ఇంట్లో బయల్దేరినప్పటి నుంచి తిరిగొచ్చేదాకా వరుసగా పెట్టాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే చదువుకోవచ్చు. ఉదాహరణల్లోని ధరలు లెక్క చూపించడానికి వేసుకున్నవి. చట్టాలు, తేదీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

## బయల్దేరే ముందు

ఒక్క ఛార్జర్ కోసం వెళ్లి నాలుగు సంచులతో తిరిగొచ్చాను. తప్పు నాదేనా?

కొంత మీది, ఎక్కువ భాగం ఆ భవనానిది. పని మీద వచ్చిన మనిషి ఆ పని మరిచి, ఊరికే చూస్తూ తిరిగే మనిషిగా మారిపోయే క్షణాన్ని ఈ రంగంలో ‘గ్రూయెన్ ట్రాన్స్‌ఫర్’ అంటారు. విక్టర్ గ్రూయెన్ వియన్నాలో పుట్టి 1938లో అమెరికా చేరిన ఆర్కిటెక్ట్. మిన్నెసోటా రాష్ట్రంలో 1956లో తెరిచిన సౌత్‌డేల్ మాల్ ఆయన గీసిందే. నాలుగు వైపులా మూసేసి, ఏడాది పొడవునా దాదాపు 24 డిగ్రీల దగ్గర ఉంచిన మొదటి మాల్ అది. వియన్నా వీధుల్లో జనం కలుసుకున్నట్టు ఇక్కడా కలుసుకోవాలన్నది ఆయన ఆశ. వ్యాపారులు ఆ ఆశను పక్కనపెట్టి నమూనాను మాత్రం పట్టుకుపోయారు. తన పేరుతో పుట్టిన మాల్స్‌ను చివరి రోజుల్లో గ్రూయెనే బాహాటంగా కాదన్నాడు. లోపల దారి తప్పినట్టు అనిపించడం మీ బలహీనత కాదు. ఆ భవనాన్ని కట్టిందే అందుకు.

నేను ఎంతసేపు తిరిగితే మాల్ యజమానికేం లాభం? అమ్ముకునేది దుకాణాల వాళ్లు కదా?

చాలా మాల్స్‌లో అద్దె రెండు రకాలుగా రాసుకుంటారు. ఒకటి నెలకు ఇంత అని కనీస అద్దె, రెండోది అమ్మకాల్లో ఇంత శాతం వాటా. ఏది ఎక్కువైతే అది కట్టాలి. అంటే మీరు ఇంకో అరగంట తిరిగి ఇంకో చొక్కా కొంటే అందులో భవనం యజమానికీ భాగం వెళ్తుంది. అందుకే వాళ్లు గేటు దగ్గర ఎంతమంది వచ్చారో, లోపల ఎంతసేపు ఉన్నారో, అందులో ఎంతమంది కొన్నారో రోజూ లెక్క చూసుకుంటారు. తలుపుల పైన సీలింగ్‌కి బిగించిన చిన్న నల్ల డబ్బాలు చాలావరకు ఈ తలల లెక్క కోసమే.

వెళ్లక తప్పదు. ఖర్చు అదుపులో ఉండాలంటే ముందే ఏం చేసుకోవాలి?

నాలుగు పనులు. భోజనం చేసి వెళ్లండి. ఆకలిగా ఉన్న కడుపు తిండి మీదే కాదు, బట్టల మీద కూడా తొందరపెడుతుంది. కొనాల్సింది, దాని గరిష్ఠ ధర కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో రాస్తే, దాన్ని తెరిచిన ప్రతిసారీ ఆఫర్ మెసేజ్ కనిపిస్తుంది. ఏ దుకాణం ఏ అంతస్తులో ఉందో మాల్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. బయటికొచ్చేయాల్సిన వేళకు అలారం పెట్టుకోండి. శని, ఆదివారం సాయంత్రాలు కాకుండా వారం మధ్యలో పొద్దున్నే వెళ్తే ట్రయల్ రూమ్ దగ్గర తొందర ఉండదు, సేల్స్ వాళ్లకు మీ ప్రశ్నలు వినే తీరిక ఉంటుంది.

ఆషాఢం ఆఫర్లు నిజంగా తగ్గింపేనా?

కొన్ని నిజమే. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, గిరాకీ పడిపోతుంది. శ్రావణానికి కొత్త సరుకు రావాలంటే పాతది కదలాలి. కాబట్టి ఆ నెలలో పాత స్టాకు ధర తగ్గించడం వ్యాపారికీ అవసరమే. ఆఫర్ల కోసమే తెప్పించిన నాసిరకం సరుకును ‘అసలు ధర’ కొట్టేసి ఇంతకే అని పెట్టడంతోనే చిక్కు. కిలో లెక్కన అమ్మే చీరల్లో ఇంకో మెలిక ఉంది. తేలికైన సింథటిక్ చీరలు కిలోకి ఎక్కువ వస్తాయి, నిండు జరీ ఉన్నవి, మందపాటి నేతవి తక్కువ వస్తాయి. తూకం వేయించాక చీరకు ఎంత పడిందో భాగించి చూడండి. ఆ ధరకు ఆ చీర విడిగా కొంటారా అని అడుక్కోండి.

## పార్కింగ్, గేటు

హైదరాబాద్ మాల్‌లో పార్కింగ్‌కి డబ్బు కట్టాలా?

తెలంగాణ ప్రభుత్వం 2018 మార్చిలో ఇచ్చిన జీవో 63 ప్రకారం, ఆ ఏప్రిల్ 1 నుంచి మాల్స్, మల్టీప్లెక్సుల్లో మొదటి 30 నిమిషాలు అందరికీ ఉచితం. ఏమీ కొననక్కర్లేదు. 30 నిమిషాల నుంచి గంటలోపు అయితే అక్కడ కొన్న ఏదో ఒక బిల్లు చూపిస్తే చాలు. గంట దాటితే పార్కింగ్ రుసుము కంటే ఎక్కువ మొత్తానికి బిల్లు గానీ సినిమా టికెట్ గానీ చూపాలి. జేబులో బిల్లు ఉంటే సరే, లేకపోతే ‘ఏదో ఒకటి కొనేద్దాం’ అన్న ఆలోచన ఇక్కడే మొదలవుతుంది. నలభై రూపాయల పార్కింగ్ తప్పించుకోవడానికి రెండు వందల కాఫీ తాగడం లాభం కాదు.

సెల్లార్‌లో బండి పెట్టాక ఎక్కడ పెట్టానో గుర్తుండటం లేదు. ఏం చేయాలి?

లిఫ్ట్ ఎక్కే ముందు స్తంభం మీది అక్షరం, అంకె, గోడ రంగు ఫొటో తీసుకోండి. ఎక్కిన లిఫ్ట్ ఏ దుకాణం పక్కన తెరుచుకుందో కూడా గుర్తుపెట్టుకోండి. పెద్ద మాల్‌లో మూడు నాలుగు లిఫ్ట్ గదులు ఉంటాయి. వేరే దాంట్లో దిగితే అదే సెల్లార్ కొత్త ఊరిలా కనిపిస్తుంది.

గేటు దగ్గర సెక్యూరిటీ ఎవరినైనా ‘నువ్వు రావద్దు’ అనొచ్చా?

మాల్ ప్రైవేటు ఆస్తే. అయినా రాజ్యాంగంలోని 15(2) అధికరణం దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల పేర్లు చెప్పి మరీ, మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ అక్కడికి రాకుండా ఆపకూడదంటుంది. ఆ జాబితాలో బట్టల మాట లేదు. ఆ సందులోంచే మాల్స్ మనుషులను వడపోస్తాయి. 1999లో ముంబైలో తెరిచిన ఒక మాల్ మొదట్లో క్రెడిట్ కార్డో సెల్‌ఫోనో లేనివాళ్ల దగ్గర ప్రవేశ రుసుము అడిగింది. 2024 జులైలో బెంగళూరులో పంచె కట్టుకుని కొడుకుతో సినిమాకు వచ్చిన రైతును లోపలికి రానివ్వలేదు. గొడవ పెద్దదై కర్ణాటక ప్రభుత్వం ఆ మాల్‌ను తాత్కాలికంగా మూయించింది. పంచెకట్టు, చెప్పులు, మాసిన చొక్కా చూసి ఆపడం సిగ్గుమాలిన పని. అలా జరిగితే గార్డుతో వాదించకండి. అతని చేతిలో ఏమీ ఉండదు. మేనేజరును పిలిపించి, ఏ నియమం ప్రకారం ఆపారో రాతపూర్వకంగా ఇమ్మని అడగండి.

తలుపు దాటగానే కాసేపు ఏమీ తోచదు. ఎందుకలా?

నలభై డిగ్రీల ఎండలోంచి చల్లటి వెలుతురులోకి అడుగుపెట్టిన ఒళ్లు సర్దుకోవడానికి టైమ్ తీసుకుంటుంది. దుకాణాల్లో జనం నడకను ఏళ్ల తరబడి గమనించిన అమెరికన్ పరిశోధకుడు పాకో అండర్‌హిల్ ఈ మొదటి కొద్ది అడుగుల జాగాకు ‘డీకంప్రెషన్ జోన్’ అని పేరు పెట్టాడు. ఇక్కడ పెట్టిన బోర్డు ఎవరూ చదవరు, సరుకు ఎవరూ చూడరు. అందుకే అసలు ఆకర్షణలు ఇంకాస్త లోపల మొదలవుతాయి. ప్రవేశం దగ్గరే దుకాణాల పట్టిక ఉంటే పది అడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగి దాన్ని చదివి కదలండి.

## లోపల నడిచేటప్పుడు

ఒక ఎస్కలేటర్ ఎక్కాక రెండో దాని కోసం చుట్టూ తిరిగి ఎందుకు వెళ్లాలి?

ఎస్కలేటర్లను రెండు రకాలుగా అమర్చవచ్చు. కత్తెరలా అడ్డంగా పేరిస్తే దిగిన చోటే తర్వాతది దొరుకుతుంది. అన్నీ ఒకే వైపుకు పెడితే, దిగిన ప్రతిసారీ వెనక్కి చుట్టి రావాలి. రెండో పద్ధతిలో ప్రతి అంతస్తులోనూ నాలుగైదు దుకాణాల అద్దాల ముందు నుంచి నడుస్తారు. మెట్రో స్టేషన్‌లో ఇలా తిప్పితే జనం ఊరుకోరు, మాల్‌లో ఎవరూ అడగరు. నేరుగా వెళ్లాలంటే లిఫ్ట్ వెతకండి. సాధారణంగా మూలన, టాయిలెట్ల దారిలో ఉంటుంది.

సినిమా హాళ్లు, ఫుడ్ కోర్టు ఎప్పుడూ పై అంతస్తులోనే ఎందుకు?

డాబా మీద పడ్డ వాన కిందికి పారినట్టు, పైకి లాగిన జనం దిగేటప్పుడు ప్రతి అంతస్తునూ తడుపుకుంటూ వస్తారు. సినిమా చూడటానికి, తినడానికి ఎంత ఎత్తుకైనా ఎక్కుతాం, చెప్పుల దుకాణం కోసం ఎక్కం. అందుకే ఆ రెండూ పైన. ఇదే సూత్రం అడ్డంగానూ పనిచేస్తుంది. హైపర్‌మార్కెట్, పెద్ద బట్టల షోరూమ్ లాంటి ‘యాంకర్ స్టోర్’లను మాల్‌కి చెరో చివర పెట్టి, మధ్య దారిలో చిన్న దుకాణాలు వరుసగా పేరుస్తారు. జనాన్ని తెచ్చే యాంకర్‌కి చదరపు అడుగుకు తక్కువ అద్దె, ఆ జనం కళ్లలో పడే చిన్న దుకాణానికి ఎక్కువ అద్దె. కాబట్టి మధ్య దారిలోని చిన్న దుకాణంలో ధర చూసినప్పుడు, అందులో ఆ అద్దె కూడా ఉందని గుర్తుంచుకోండి.

గడియారం, కిటికీ కనిపించవు. కావాలనే తీసేశారా?

కిటికీ ఉంటే బయట చీకటి పడటం తెలుస్తుంది. గోడలో చోటూ పోతుంది, ఏసీ ఖర్చూ పెరుగుతుంది. ఈ కారణాలన్నీ ఒకే వైపు లాగుతాయి. కొత్త మాల్స్‌లో మధ్య హాలు పైన అద్దాల కప్పు ఉంటోంది కానీ, సాయంత్రమయ్యేసరికి లోపలి లైట్లు దాన్ని మింగేస్తాయి. గంట గడిచిందని తెలిపే ఏ గుర్తూ లేని చోట మన అంచనా తప్పుతుంది. చేతికి వాచీ పెట్టుకుని వెళ్లండి.

పాటలు నెమ్మదిగా ఉంటే ఎక్కువ కొంటామంటారు, నిజమేనా?

దీనికి ఆధారం ఉంది. రోనాల్డ్ మిలిమన్ అమెరికాలోని ఒక సూపర్‌మార్కెట్‌లో చేసి 1982లో ప్రచురించిన పరిశోధనలో, వేగం పాటలు పెట్టిన రోజుల కంటే నెమ్మది పాటలు పెట్టిన రోజుల్లో జనం మెల్లగా నడిచారు. అమ్మకాలు 38 శాతం ఎక్కువగా నమోదయ్యాయి. ప్రతి దుకాణంలోనూ అంతే తేడా వస్తుందని కాదు. యువత బట్టల దుకాణాల్లో కావాలనే దడదడలాడే పాట పెడతారు. అక్కడ వాళ్లకు కావాల్సింది తీరిక కాదు, ఉత్సాహం. చెవుల్లో మీకు నచ్చిన పాట పెట్టుకుని నడిచినా దీని ప్రభావం చాలావరకు తగ్గుతుంది.

ఐకియాలో ఒక్క దీపం కోసం ఇల్లంతా తిరగాల్సి వస్తోంది. దగ్గరి దారి లేదా?

ఉంది. హైదరాబాద్ హైటెక్ సిటీలో 2018 ఆగస్టు 9న తెరిచిన ఐకియా ఫర్నిచర్ స్టోరు దాదాపు 4 లక్షల చదరపు అడుగులు. నేల మీది బాణాలు పట్టుకుంటే హాలు, పడకగది, వంటగది అన్నీ చూసి గానీ బయటపడరు. కానీ విభాగానికీ విభాగానికీ మధ్య అడ్డదారులు ఉన్నాయి. గోడల మధ్య ఖాళీలు, చిన్న తలుపుల్లా కనిపిస్తాయి, స్టోరు మ్యాపులోనూ గుర్తు ఉంటుంది. రెస్టారెంటును దారి మధ్యలో పెట్టడం వెనక కూడా ఆలోచన ఉంది. అలిసినవాళ్లు ఇంటికి వెళ్లకుండా కూర్చుని తిని మిగతా సగం చూస్తారు. తెరిచిన కొత్తలో అక్కడి 99 రూపాయల బిర్యానీ గురించి నగరమంతా మాట్లాడుకుంది. చౌక తిండి చూశాక, మిగతా ధరలు కూడా చౌకే అని మనసు సర్దుకుంటుంది.

బెంచీలు ఇంత తక్కువ ఎందుకు?

కూర్చున్న మనిషి కొనడు. ఉన్న కొద్ది బెంచీలూ ఏదో ఒక దుకాణం అద్దానికి ఎదురుగా ఉంటాయి. పెద్దవాళ్లతో వెళ్తే హైపర్‌మార్కెట్ ముందు, ఫుడ్ కోర్టులో కూర్చునే చోటు చూసుకోండి. చక్రాల కుర్చీ హెల్ప్ డెస్కులో అడగండి. చాలా పెద్ద మాల్స్‌లో ఉచితంగానే ఇస్తారు.

ఫ్రీ వైఫై వాడితే నన్ను కనిపెట్టి ఉంటారా?

వైఫై ఆన్‌లో ఉన్న ఫోన్ చుట్టుపక్కల నెట్‌వర్కుల కోసం నిరంతరం సంకేతాలు పంపుతుంది. వాటిని పట్టుకుంటే ఒక ఫోన్ ఏ దారిలో, ఎక్కడ ఎంతసేపు ఆగిందో లెక్కకట్టవచ్చు. 2014లో ఐఫోన్ల ఐఓఎస్ 8 నుంచి, తర్వాత ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు తమ గుర్తింపు సంఖ్యను మార్చి చూపడంతో ఇది కష్టమైంది. కానీ ఉచిత వైఫై కోసం నంబరు ఇచ్చి ఓటీపీ కొట్టారంటే గుర్తింపును మీరే చేతికిచ్చినట్టు. తప్పనిసరి కాకపోతే మొబైల్ డేటానే వాడండి, మాల్‌లో ఉన్నంతసేపు వైఫై, బ్లూటూత్ ఆపేయండి.

## దుకాణంలో

ధరలన్నీ 999, 2,499 అనే ఉంటాయి. ఇంకా ఎవరైనా మోసపోతారా?

మోసపోతారు, తెలిసీ. ఎడమ వైపు అంకెను మనసు ముందు పట్టుకుంటుంది. 999 వందల్లో ఉన్నట్టు, 1,000 వేలల్లో ఉన్నట్టు అనిపిస్తుంది. మన దేశంలో దీనికి తోడు పన్ను లెక్క కూడా ఉంది. చాలా ఏళ్లు వెయ్యి రూపాయల లోపు రెడీమేడ్ బట్టలకు జీఎస్టీ 5 శాతం, దాటితే 12 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ గీత 2,500 దగ్గరికి జరిగింది, దాటితే 18 శాతం. కాబట్టి గీతకు అటూ ఇటూ ఉన్న రెండు చొక్కాల ధరలో తేడా అంతా గుడ్డ నాణ్యత అనుకోకండి, కొంత పన్ను.

‘50 శాతం + 20 శాతం’ అంటే 70 శాతం తగ్గింపు కాదా?

కాదు, 60. రూ. 5,000 వస్తువుకు మొదటి సగం పోతే 2,500. ఆ 2,500 మీద 20 శాతం పోతే 2,000. ‘రెండు కొంటే మూడు ఉచితం’ కూడా ఇలాగే లెక్కవేయాలి. ఉచితంగా వచ్చేవి ఎప్పుడూ ధర తక్కువ ఉన్నవే. 1,999వి రెండు, 1,499, 1,299, 999 చొక్కాలు తీసుకుంటే మొత్తం 7,795, కట్టేది 3,998. అంటే 49 శాతం తగ్గింపు, పోస్టరు చూసి మనం ఊహించుకునే 60 కాదు. మీకు అవసరమైనవి రెండే అయితే తగ్గింపు సున్నా.

ట్రయల్ రూమ్‌లో బాగున్న డ్రెస్ ఇంట్లో వేసుకుంటే ఎందుకు తేడాగా ఉంటుంది?

లైటు, అద్దం. తల మీద నుంచి పడే లైటు కళ్ల కింద నీడలు వేస్తుంది. ముందు నుంచి, పక్కల నుంచి వచ్చే వెచ్చని లైటు ముఖాన్ని నునుపుగా చూపిస్తుంది. కొంచెం వెనక్కి వాలిన అద్దం మనిషిని పొడవు చేస్తుంది. పరీక్ష ఇలా చేయండి: రెండు చేతులూ పైకెత్తండి, కూర్చుని లేవండి, వంగి చూడండి. తర్వాత గదిలోంచి బయటికొచ్చి దూరంగా ఉన్న మామూలు అద్దంలో చూసుకోండి. రంగు ముఖ్యమైతే ఆ బట్టను తలుపు దగ్గరి పగటి వెలుతురులోకి తీసుకెళ్లి చూస్తామని అడగండి. నిజాయితీగా అమ్మేవాళ్లు కాదనరు.

కిరాణా కోసం వెళ్తే ట్రాలీ ఎందుకు నిండిపోతుంది?

ట్రాలీని 1937లో ఓక్లహామా సిటీ వ్యాపారి సిల్వన్ గోల్డ్‌మన్ తెచ్చాడు. చేతి బుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారని గమనించి చేసిన పని అది. చేతికి బరువు తెలియదు, పెద్ద ట్రాలీ అడుగున నాలుగు వస్తువులు ఖాళీగా కనిపిస్తాయి. పది వస్తువుల లోపే అయితే బుట్ట తీసుకోండి. కంటి ఎత్తులో ఉన్నవి ఎక్కువ లాభం ఇచ్చేవి, మోకాలి ఎత్తులో చౌకవి, పిల్లల కంటి ఎత్తులో చాక్లెట్లు. అరల చివర గుట్టగా పోసింది ఆఫర్ సరుకే అయి ఉండాలని లేదు. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ పక్కనే చిన్న అక్షరాల్లో గ్రాముకో కిలోకో ధర ముద్రిస్తున్నారు. పెద్ద ప్యాకెట్ చౌక అనుకునే ముందు ఆ అంకె పోల్చండి.

## చీరల షాపింగ్ మాల్‌లో

మన ఊళ్లలో ‘షాపింగ్ మాల్’ అంటే చాలామందికి గుర్తొచ్చేది నాలుగైదు అంతస్తుల బట్టల దుకాణం. అక్కడి పద్ధతులు వేరు, అందుకే ఈ విభాగం విడిగా పెట్టాం.

యాభై చీరలు తీయించాక కొనకుండా లేవాలంటే మొహమాటం. ఏం చేయాలి?

ఆ మొహమాటం మీదే అక్కడి అమ్మకం నిలబడింది. పరుపు మీద కూర్చోబెడతారు, చల్లగా ఏదో ఇస్తారు, ‘కొనకపోయినా పర్లేదు, చూడండి మేడమ్’ అంటూ ఒక్కో మడతా విప్పి మీ ఒళ్లోకి జారవిడుస్తారు. గుట్ట పెరిగేకొద్దీ, ఇంత శ్రమ పెట్టాం కదా అన్న భారం మీ మీద పెరుగుతుంది. అమ్మే అబ్బాయి కష్టం నిజమే. కానీ మడత పెట్టడం అతని ఉద్యోగంలో భాగం, దానికి జీతం ఉంది. కూర్చోగానే మూడు మాటలు చెప్పండి: బడ్జెట్, రంగు, ఏ సందర్భానికి. పది చీరలు చూశాక లేచి నిలబడండి. కూర్చున్నంతసేపు ‘వద్దు’ అనడం కష్టం, నిలబడితే తేలిక. ‘మళ్లీ వస్తాం బాబూ’ అని నవ్వుతూ చెబితే ఎవరూ ఏమనుకోరు.

కొంగు భుజం మీద వేసి అద్దం ముందు నిలబెట్టగానే వద్దనలేకపోతున్నాను. అదేం మాయ?

చేతితో తాకినది, ఒంటి మీద వేసుకున్నది అప్పుడే సగం మనదైనట్టు అనిపిస్తుంది. దాన్ని తీసేయడం కొనకపోవడంలా కాక పోగొట్టుకోవడంలా తోస్తుంది. చేయి తిరిగిన సేల్స్‌మన్ ఇంకో పని కూడా చేస్తాడు. మీరు తికమకపడుతున్నారని కనిపెట్టి ‘ఇవి తీసేద్దామా’ అంటూ గుట్టను పక్కకు నెట్టి మూడు మాత్రమే మిగులుస్తాడు. షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ 2000లో ప్రచురించిన జామ్ సీసాల ప్రయోగంలో, 24 రకాలు పెట్టినప్పుడు ఆగినవాళ్లలో 3 శాతం మందే కొన్నారు, 6 రకాలు పెట్టినప్పుడు 30 శాతం కొన్నారు. ఆ సంగతి మన చీరల కొట్టువాళ్లకు అనుభవంతోనే తెలుసు. మూడు మిగిలాక ప్రశ్న ‘కొనాలా’ నుంచి ‘ఏది కొనాలి’కి మారిపోతుంది. ఆ క్షణంలోనే చీర తీసి పక్కన పెట్టి, ఒక్కసారి బయటికొచ్చి మంచినీళ్లు తాగి రండి.

బంగారం షాపులో నగ మెరిసినంతగా ఇంట్లో మెరవదేం?

బంగారం కౌంటర్ల మీద పసుపు ఛాయ లైట్లు, వజ్రాలు, వెండి మీద తెల్లటి లైట్లు వాడతారు. నగను చేతిలోకి తీసుకుని లైటు నేరుగా పడని చోట చూడండి. హాల్‌మార్కుతో పాటు నగకు విడిగా ఇచ్చే ఆరు అక్షరాల గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీ చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిపోల్చుకోండి. తరుగు, మజూరీ ఎంతో బిల్లులో విడివిడిగా రాయించుకోండి.

## ఫుడ్ కోర్టు, సినిమా, పిల్లలు

పాప్‌కార్న్ మీడియం, లార్జ్ ధరల మధ్య తేడా అంత తక్కువ ఎందుకు?

మీడియం అమ్మడానికి పెట్టింది కాదు, లార్జ్‌ను చౌకగా చూపించడానికి పెట్టింది. చిన్నది 250, మీడియం 450, పెద్దది 490 అనుకోండి. ‘నలభై రూపాయలకే అంత ఎక్కువా’ అని పెద్దది తీసుకుంటాం. మీడియం లేకుండా 250, 490 మాత్రమే ఉంటే చాలామంది చిన్నదానితో సరిపెట్టుకునేవాళ్లు. ముందే ఎంత తినగలమో అనుకుని, ఆ సైజు ధర ఒక్కటే చూడండి.

మల్టీప్లెక్సులో నీళ్లు కొనాల్సిందేనా? పాపకు పాలు తీసుకెళ్లొచ్చా?

2023 జనవరిలో సుప్రీంకోర్టు, బయటి తిండిని హాలు యాజమాన్యం వద్దనవచ్చని చెబుతూనే, పరిశుభ్రమైన తాగునీరు ఉచితంగా అందుబాటులో ఉంచాలని, చిన్నపిల్లల కోసం తెచ్చిన ఆహారాన్ని అడ్డుకోకూడదని స్పష్టం చేసింది. నీళ్ల ఫిల్టరు సాధారణంగా టాయిలెట్ల దారిలో ఉంటుంది. కనిపించకపోతే అడగండి.

గేమ్ జోన్ కార్డులో ప్రతిసారీ కొంత బ్యాలెన్స్ మిగిలిపోతోంది. యాదృచ్ఛికమా?

కాదు. రీఛార్జి గుండ్రటి అంకెల్లో, ఆట ధర దాన్ని సరిగ్గా భాగించని అంకెల్లో ఉంటుంది. 500 వేయించి ఆటకు 90 అయితే అయిదు ఆటలకు 450, మిగిలేది 50. ఆరో ఆట కోసం మళ్లీ వేయించాలి. పైగా కార్డు గీకితే డబ్బు పోతున్నట్టు పిల్లలకూ మనకూ అనిపించదు. రీఛార్జికి ముందే మూడు సంగతులు అడగండి: బ్యాలెన్స్ తిరిగిస్తారా, గడువెంత, కార్డు ధర విడిగా ఉందా. పిల్లలకు డబ్బు లెక్క చెప్పకండి, ఆటల లెక్క చెప్పండి: ‘ఈ రోజు నాలుగు ఆటలు.’

## బిల్లింగ్ దగ్గర

ఫోన్ నంబర్ చెప్పందే బిల్లు వేయమంటున్నారు. చెప్పాలా?

అక్కర్లేదు. నంబరు ఇవ్వాలని పట్టుబట్టవద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిటైల్ వ్యాపారులకు సూచించింది. ‘సిస్టమ్ తీసుకోదు సార్’ అంటారు. వెనక క్యూ ఉంటుంది, అందరూ మీవైపే చూస్తుంటారు, పది అంకెలు చెప్పేస్తే పనైపోతుందనిపిస్తుంది. ఆ ఇబ్బందే వాళ్ల ఆయుధం. ‘నంబర్ ఇవ్వను, అది లేకుండా బిల్లు వేయండి’ అని మెల్లగా రెండోసారి చెప్పండి. కౌంటరు వాళ్లు తమ దగ్గరున్న ఏదో నంబరు కొట్టి బిల్లు తీస్తారు. పాయింట్లు నిజంగా పనికొచ్చే దుకాణానికి మాత్రమే నంబరు ఇవ్వండి.

క్యారీ బ్యాగుకు డబ్బు వేయొచ్చా?

దుకాణంలోకి వచ్చేటప్పుడే స్పష్టంగా తెలియజేయకుండా, కొనడం అంతా అయ్యాక కౌంటర్‌లో బ్యాగుకు డబ్బు వేయడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని 2020 డిసెంబరులో జాతీయ వినియోగదారుల కమిషన్ తేల్చింది. బ్యాగు మీద ఆ దుకాణం పేరే పెద్దగా అచ్చేసి ఉంటే, వాళ్ల ప్రచారానికి మీరు డబ్బు కట్టి మోస్తున్నట్టు. గుడ్డ సంచి తీసుకెళ్లండి.

‘3,000 కొంటే 1,000 వోచర్’ లాభమా?

వెనకవైపు చిన్న అక్షరాలు చదివితే తెలుస్తుంది. చాలా వోచర్లు మళ్లీ 3,000 కొంటేనే చెల్లుతాయి. అంటే 6,000 సరుకుకు 5,000 కట్టారు. తగ్గింపు 33 శాతం కాదు, 17కి దగ్గర. రెండోసారి రాకపోతే సున్నా. గడువు నెల రోజులే ఉంటే, మళ్లీ రప్పించడానికే ఇచ్చారన్నమాట.

‘నో కాస్ట్ ఈఎంఐ’లో నిజంగా ఖర్చు ఉండదా?

ఉంటుంది, చిన్న చిన్న ముక్కలుగా. రూ. 60,000 ఫోన్‌ను ఆరు నెలల వాయిదాల్లో, ఏడాదికి 16 శాతం వడ్డీతో కొంటే వడ్డీ సుమారు 2,800. ఆ మేరకు ధరలో తగ్గించి ‘నో కాస్ట్’ అంటారు. కానీ క్రెడిట్ కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ దాదాపు 500 మీరే కడతారు. ప్రాసెసింగ్ ఫీజు 199, దాని మీద పన్ను కలిపితే ఇంకో 235. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. కౌంటర్‌లో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారు?’ తేడా అక్కడ బయటపడుతుంది.

## ఇంటికొచ్చాక

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు మీద ఉంది. లోపం ఉన్నా అంతేనా?

కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు తీసుకుని డబ్బు వాపసివ్వడానికి నిరాకరించడం అన్యాయమైన వ్యాపార పద్ధతే. అయితే రంగు నచ్చలేదు, సైజు కుదరలేదు అన్నవి లోపం కిందికి రావు. వాటికి దుకాణం నియమమే వర్తిస్తుంది. ‘ఎక్స్‌ఛేంజ్ మాత్రమే’ అంటే ఆ డబ్బుతో మళ్లీ అక్కడే ఇంకో వస్తువు వెతుక్కోవాలి, సాధారణంగా కాస్త ఎక్కువ ధరదే దొరుకుతుంది. కాబట్టి ఆ నియమం కొనే ముందే అడగండి. ట్యాగు కత్తిరించే ముందు ఇంట్లో పగటి వెలుతురులో ఒకసారి వేసి చూసుకోండి. థర్మల్ బిల్లు మీద అక్షరాలు కొద్ది నెలల్లో చెరిగిపోతాయి, ఫొటో తీసి పెట్టుకోండి.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి? లాయరు కావాలా?

ముందు దుకాణానికి ఈమెయిల్ రాయండి. తేదీ, బిల్లు నంబరు, ఏం జరిగింది, ఏం కావాలి అన్న నాలుగు వాక్యాలు చాలు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. రూ. 5 లక్షల వరకు విలువైన కేసుకు రుసుము లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. సమస్య మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. బిల్లు, ఆఫర్ బోర్డు ఫొటో, ఈమెయిల్ కాపీ జతచేయండి. చాలా ఫిర్యాదులు వీగిపోయేది ఆఫర్ బోర్డు ఫొటో లేకే. బోర్డు మర్నాటికి ఉండదు, అందుకని కొన్న రోజే తీసుకోండి.